1971 నాటి 'ఎ క్రిస్మస్ కరోల్' కార్టూన్: పాతిక నిమిషాలే, ఎవరైనా చూశారా?

ఫ్రేముల పిచ్చి
డిసెంబర్ 4, రాత్రి 10:18

డిసెంబర్ వస్తే చాలు, ఇక్కడ మళ్లీ అవే క్రిస్మస్ టీవీ బొమ్మల పేర్లు. 1964 రుడాల్ఫ్, 1965 చార్లీ బ్రౌన్, 1966 గ్రించ్. బాగుంటాయి, కాదనను. కానీ 1971 డిసెంబర్ 21న అమెరికాలో ఏబీసీ చానల్లో వచ్చిన 'ఎ క్రిస్మస్ కరోల్' పేరు ఎవరూ ఎత్తరు. దర్శకుడు రిచర్డ్ విలియమ్స్. ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ చక్ జోన్స్, అంటే గ్రించ్ తీసినాయనే. టీవీ కోసం చేసిన ఈ పాతిక నిమిషాల బొమ్మకి తర్వాత ఆస్కార్ కూడా వచ్చింది.

చార్లెస్ డికెన్స్ 1843లో రాసిన ఈ కథ తెలియనివాళ్లకి క్లుప్తంగా: లండన్లో స్క్రూజ్ అని ఒక పిసినారి వ్యాపారి. క్రిస్మస్ ముందు రాత్రి, చచ్చిపోయిన పార్ట్‌నర్ మార్లీ దెయ్యమై గొలుసులు ఈడ్చుకుంటూ ఇంటికొస్తాడు. నా గతే నీకూ పడుతుంది, ముగ్గురు ఆత్మలొస్తారు, వాళ్లు చెప్పింది విను అంటాడు. ఒకరు గతం చూపిస్తారు, ఒకరు వర్తమానం, ఒకరు రాబోయేది.

ఈ కథను సినిమాగా, కార్టూన్‌గా, తోలుబొమ్మలతో, ఎలుకలతో, బాతులతో ఎన్నిసార్లు తీశారో లెక్కలేదు. నా వాదన ఒకటే. డికెన్స్ భయపెట్టాలనుకున్న చోట నిజంగా భయపెట్టింది ఇదే. మిగతావన్నీ దెయ్యాలకి జోకులు నేర్పించాయి.

చూసినవాళ్లు చెప్పండి.

---

డల్లాస్ సీను
డిసెంబర్ 4, రాత్రి 10:51

చూడలేదు బ్రో. మాకిక్కడ థాంక్స్‌గివింగ్ అయిందంటే ఇంట్లో రోజూ రుడాల్ఫే. ఆ రెయిన్‌డీర్ ముక్కు లైటు చూసీ చూసీ నాకే కలలోకొస్తోంది. మా పెద్దోడికి తొమ్మిది, చిన్నదానికి ఆరు. ఇది చూపించొచ్చా?

---

ఫ్రేముల పిచ్చి
డిసెంబర్ 4, రాత్రి 11:05

పెద్దోడికి ఓకే, పక్కన మీరు కూర్చుంటే. చిన్నదానికి వద్దు. మార్లీ సీన్ ఒక్కటి చెప్తాను, మీరే నిర్ణయించుకోండి. శవానికి దవడ జారకుండా గుడ్డతో కడతారు కదా, ఆ కట్టు విప్పేస్తాడు. దవడ ధబీమని ఛాతీ దాకా జారిపోతుంది. ఆ తర్వాత మాట్లాడుతుంటే పెదాలు కదలవు. నోరు గుహలా తెరుచుకునే ఉంటుంది, లోపలి నుంచి గొంతు వస్తుంటుంది. పుస్తకంలో దవడ జారడం వరకే ఉంది. జారాక నోరు కదపకూడదు అన్న ఆలోచన మాత్రం ఈ సినిమా వాళ్లదే.

---

రాత్రిబండి
డిసెంబర్ 5, ఉదయం 7:20

చూశాను. బొమ్మలు అద్భుతం, ఒప్పుకుంటా. కానీ సినిమాగా నాకు సగం సగమే అనిపించింది.

ఏంటా పరుగు? స్క్రూజ్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఫెజ్జివిగ్ అనే మంచి యజమాని దగ్గర పనిచేస్తాడు, అక్కడ క్రిస్మస్ డాన్స్. మిగతా వెర్షన్లలో ఐదు నిమిషాలైనా ఉంటుంది. ఇక్కడ ఊపిరి పీల్చుకునేలోపు అయిపోతుంది. డబ్బు పిచ్చి చూసి ప్రేమించిన అమ్మాయి వదిలేసి వెళ్లే సీనూ అంతే. మనిషి ఎలా పాడైపోయాడో చూపించకుండా ఎలా బాగుపడ్డాడో చూపిస్తే నాకు ఎక్కదు. చివర్లో అతను నవ్వుతుంటే "అప్పుడే?" అనిపించింది.

నా ఓటు 1962 మిస్టర్ మ్యాగూ వెర్షన్‌కి (చూపు సరిగా ఆనని ముసలాయన కార్టూన్ పాత్ర మ్యాగూ, అందులో స్క్రూజ్ అతనే). టీవీ కోసం తీసిన క్రిస్మస్ కార్టూన్లకి దారి వేసింది అదే. దాదాపు గంట నిడివి. పాటలు బ్రాడ్వే వాళ్లు జూల్ స్టైన్, బాబ్ మెరిల్ చేశారు. చిన్న స్క్రూజ్ స్కూల్లో ఒంటరిగా కూర్చుని పాడే పాట వినండి ఒకసారి. ఆ పాటలో ఉన్న బాధ 1971 దాంట్లో ఎక్కడుంది?

---

పాతపుస్తకాల పురుగు
డిసెంబర్ 5, ఉదయం 9:02

రాత్రిబండి గారూ, మ్యాగూలో స్క్రూజ్ మేనల్లుడు ఫ్రెడ్‌ని పూర్తిగా ఎగరగొట్టేశారు. పైగా వర్తమానం ఆత్మ ముందొస్తుంది, గతం ఆత్మ తర్వాత వస్తుంది. పాటల కోసం అంత చోటిచ్చి, కథలో సొంత మేనల్లుడికి చోటివ్వలేదు. ఇది మాత్రం మీకు ఓకేనా?

1971 దాంట్లో పరుగు ఉన్నమాట నిజమే. కానీ ఆ పరుగులో కూడా, అందరూ వదిలేసిన ఒక భాగాన్ని వీళ్లు పట్టుకున్నారు. వర్తమానం ఆత్మ స్క్రూజ్‌ని లండన్ దాటించి తీసుకెళ్తుంది. ముందు ఒక బీడు నేల, గనికూలీల గుడిసె. లోపల ముసలాయన దగ్గర నుంచి మనవళ్ల దాకా మంట చుట్టూ చేరి పాడుకుంటుంటారు. అక్కడి నుంచి సముద్రం మధ్య లైట్‌హౌస్, అందులో ఇద్దరు కాపలాదారులు. తర్వాత నడిసంద్రంలో ఓడ. కథకి వీటితో ఏ అవసరమూ లేదు, తీసేసినా ఎవరికీ తెలియదు. అందుకే చాలామంది తీసేస్తారు. పాతిక నిమిషాలే చేతిలో ఉన్న విలియమ్స్ మాత్రం ఉంచాడు.

ఎందుకు ఉంచాలో తెలియాలంటే డికెన్స్ ఇది రాసే ముందు ఏం చూశాడో తెలియాలి. 1842లో కార్న్‌వాల్ తగరం గనులకి వెళ్లాడు. గనుల్లో చిన్నపిల్లల చేత పని చేయించడం గురించి పార్లమెంటు కమిషన్ రిపోర్టు కూడా ఆ ఏడాదే వచ్చింది. 1843 సెప్టెంబర్లో లండన్లో ఫీల్డ్ లేన్ అనే చోట, దిక్కులేని పిల్లల కోసం నడిపే బడి చూశాడు. దీని మీద ఒక కరపత్రం రాద్దామనుకుని, చివరికి కథ రాశాడు. ఆ డిసెంబర్ 19న పుస్తకం బయటికొచ్చింది. మొదటి ముద్రణ ఆరు వేల కాపీలు క్రిస్మస్ ముందు రోజుకే అయిపోయాయి.

అంటే గనికూలీల గుడిసె అలంకారానికి పెట్టింది కాదు. ఆత్మ అంగీ కింద నుంచి బయటికొచ్చే ఇద్దరు పిల్లలూ అంతే. అబ్బాయి పేరు అజ్ఞానం, అమ్మాయి పేరు లేమి. చాలా కార్టూన్లు పిల్లల కార్యక్రమం కదా అని వాళ్లని కూడా దాచేస్తాయి. ఇందులో వాళ్లు వచ్చి నిలబడతారు, కళ్లు లోతుకుపోయి, ఎముకలు లెక్కపెట్టేలా. "వీళ్లకి దిక్కు లేదా?" అని స్క్రూజ్ అడుగుతాడు. విరాళాలు అడగడానికి వచ్చినవాళ్లని "జైళ్లు లేవా? వర్క్‌హౌసులు లేవా?" అని అతనే తరిమేశాడు కదా, ఆత్మ ఆ మాటనే తిరిగి అతని మొహాన కొడుతుంది.

వర్క్‌హౌస్ అంటే అన్నసత్రం అనుకునేరు. 1834 చట్టం వచ్చాక, గతిలేక అక్కడ చేరిన కుటుంబాన్ని విడదీసి మొగుణ్ని ఒకవైపు, పెళ్లాన్ని ఒకవైపు, పిల్లల్ని ఇంకోవైపు ఉంచేవాళ్లు.

---

వైజాగ్ వెన్నెల
డిసెంబర్ 5, ఉదయం 9:40

మాష్టారూ, మీరు క్లాసు తీసుకుంటే అటెండెన్స్ నూటికి నూరు.

ఎక్కడ దొరుకుతుంది ఎవరైనా చెప్పరూ?

---

ఫ్రేముల పిచ్చి
డిసెంబర్ 5, మధ్యాహ్నం 1:15

వెన్నెల గారూ, దర్శకుడి పేరు, 1971 అని కలిపి వెతకండి, లేకపోతే వంద రకాల కరోల్స్ వచ్చి పడతాయి. దొరికిన వాటిలో అన్నిటికంటే శుభ్రమైన కాపీ చూసుకోండి. సినిమా సగం చీకట్లోనే ఉంటుంది. పాత టేపు నుంచి ఎక్కించిన కాపీ అయితే నలుపంతా బురదలా కలిసిపోయి, అసలు విషయమే కనపడదు. ఫోన్లో అస్సలు వద్దు.

రాత్రిబండి బ్రో "బొమ్మలు అద్భుతం" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు కాబట్టి దాని గురించి చెప్తా. నేను బతికేది ఈ పనితోనే (హైదరాబాద్‌లో, ఎక్కువగా బయటి దేశాల పిల్లల సీరియల్స్‌కి).

1843 పుస్తకంలో జాన్ లీచ్ వేసిన ఎనిమిది బొమ్మలున్నాయి. నాలుగు లోహపు రేకు మీద గీసి అచ్చేసి రంగులద్దిన ఎచింగులు, నాలుగు చెక్క మీద చెక్కి అచ్చేసిన నలుపు తెలుపు బొమ్మలు. ఈ సినిమా స్టైల్ అక్కడి నుంచి వచ్చింది. 1930ల ఎడిషన్లలో మైలో వింటర్ వేసిన ఇంకు బొమ్మల ప్రభావం కూడా ఉంది. నీడంటే నల్లరంగు పులమడం కాదు, పక్కపక్కనే సన్నటి గీతలు, వాటి మీద అడ్డంగా ఇంకో వరస. పేపర్ మీద ఒక బొమ్మకి ఇది గంట పని. అదే బొమ్మ కదలాలంటే?

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకి 12 బొమ్మలు వేయాలి. ఒక బొమ్మలో గీతలు ఉన్నచోటికి, తర్వాతి బొమ్మలో వెంట్రుకవాసి తేడా వచ్చినా తెరమీద మొహమంతా కుతకుతలాడుతుంది. దాన్ని మేం బాయిల్ అంటాం. అందుకే కార్టూన్లలో షేడింగ్ ఉండదు, చుట్టూ ఒక గీత, లోపల ఒక ఫ్లాట్ రంగు, అంతే. అది బద్ధకం కాదు, బతుకుతెరువు. వీళ్లు కంప్యూటర్ లేని రోజుల్లో స్క్రూజ్ మొహం మీద ముడతలతో సహా ఆ గీతల్ని కదిలించారు. అక్కడక్కడా కుతకుతలాడుతుంది కూడా. ఆ దీపం వెలుతురులో అది మైనస్ కాలేదు.

గతం ఆత్మని గమనించండి. కొవ్వొత్తి మంటలా ఒక క్షణం ఒక మొహం, మరుక్షణం రెండు మూడు, చేతులు పెరుగుతాయి, చెరుగుతాయి. పుస్తకంలో డికెన్స్ దాదాపు అలాగే వర్ణించాడు. మామూలు సినిమాలో నటుడితో ఇది చేయించలేరు కాబట్టి అందరూ ఒక తెల్లగౌను అమ్మాయినో, చిన్నపిల్లనో పెట్టి సర్దుకున్నారు. బొమ్మలు గీసేవాడికే ఇది సాధ్యం.

ఇదంతా ఎవరి చేతిపని అంటే, ముఖ్యంగా కెన్ హ్యారిస్. వార్నర్ బ్రదర్స్‌లో చక్ జోన్స్ దగ్గర ఏళ్ల తరబడి బగ్స్ బన్నీనీ, రోడ్ రన్నర్‌నీ పరిగెత్తించిన మనిషి. అరవై దాటాక లండన్ వెళ్లి విలియమ్స్ స్టూడియోలో చేరాడు. అంటే స్టూడియో యజమానే ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. అలా నేర్చుకున్నదంతా కలిపి విలియమ్స్ 2001లో 'ది యానిమేటర్స్ సర్వైవల్ కిట్' రాశాడు. యానిమేషన్ కోర్సు చేసిన ఏ తెలుగు కుర్రాణ్ని అడిగినా ఆ పుస్తకం జిరాక్స్ కాపీయో, పీడీఎఫ్ఫో చూపిస్తాడు. అందులో నడక గురించిన పేజీలు నలిగిపోయి ఉంటాయి. ఆయన తీసిన కరోల్ మాత్రం చూసి ఉండడు. నా బాధ అదీ.

---

డల్లాస్ సీను
డిసెంబర్ 5, రాత్రి 8:33

రోజర్ ర్యాబిట్ సినిమాకి కార్టూన్ బొమ్మలు చేసిన రిచర్డ్ విలియమ్సేనా?

---

ఫ్రేముల పిచ్చి
డిసెంబర్ 5, రాత్రి 8:36

ఆయనే. 1988. దానికి ఇంకో రెండు ఆస్కార్లు. 2019లో పోయాడు.

---

కార్టూన్ కామేశం
డిసెంబర్ 5, రాత్రి 9:10

ఆస్కార్ అంటే గుర్తొచ్చింది, దీని వెనకో తగాదా ఉంది. టీవీలో వేశాక దీన్ని థియేటర్లలోనూ విడుదల చేశారు, అలా 1972 సినిమాల లెక్కలో యానిమేషన్ షార్ట్ అవార్డు గెలిచింది. ముందే టీవీలో వచ్చినదానికి సినిమా అవార్డేంటని పరిశ్రమలో కొందరు గొడవ చేశారు. ఆ తర్వాత అకాడమీ రూల్ మార్చేసింది, మొదట టీవీలో వచ్చినవాటికి ఇక అర్హత లేదని. తను లోపలికెళ్లి తలుపేసినట్టయింది.

గొంతుల గురించి ఎవరూ చెప్పలేదేం? 1951లో బ్రిటన్లో ఇదే కథతో వచ్చిన సినిమాలో స్క్రూజ్ వేషం వేసిన అలస్టెయిర్ సిమ్, మార్లీ వేసిన మైకేల్ హోర్డర్న్, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ అవే పాత్రలకి గొంతులిచ్చారు. కథ చెప్పేది మైకేల్ రెడ్‌గ్రేవ్. స్క్రూజ్ గుమాస్తా కొడుకు చిన్నారి టిమ్ గొంతు దర్శకుడి కొడుకుది. రాత్రిబండి తమ్ముడు బాధ ఎక్కడుందని అడిగాడు కదా, సిమ్ గొంతులో ఉంది. ముసలితనం వచ్చి ఆ గొంతు ఇంకాస్త అరిగింది. సీన్ చిన్నదైనా అతను ఒక్క మాట అంటే చాలు.

---

రాత్రిబండి
డిసెంబర్ 5, రాత్రి 9:47

గొంతు సూపర్. నిడివి అయితే పెరగదు కదా అన్నా. నా మాట మీదే ఉన్నా.

---

గుంటూరు గ్రేస్
డిసెంబర్ 6, ఉదయం 6:55

అందరికీ వందనాలు. మా సంఘంలో సెమీ క్రిస్మస్‌కి సండే స్కూల్ పిల్లల ప్రోగ్రామ్ నా మీద పెట్టారు. ఏటా అదే: నక్షత్రం, గొల్లలు, జ్ఞానులు, దుప్పటి కప్పుకుని నిద్రపోయే గొర్రె. ఈసారి స్కిట్ అయ్యాక పెద్ద పిల్లలకి ప్రొజెక్టర్ మీద ఏదైనా చూపిద్దామని వెతుకుతుంటే ఈ చర్చ కనపడింది. పాతిక నిమిషాలు అనగానే ఆశ పుట్టింది.

టెన్షన్ ఏంటంటే, చర్చిలో దెయ్యాల కథా అని పెద్దలు అంటారు. పాస్టరు గారు అనరు, పాస్టరమ్మ గారు అంటారు. యేసు పుట్టుక గురించి ఇందులో ఏమైనా ఉందా?

---

వైజాగ్ వెన్నెల
డిసెంబర్ 6, ఉదయం 8:12

అక్కా, పుట్టుక కావాలంటే చార్లీ బ్రౌన్ సేఫ్. లైనస్ అనే పిల్లాడు స్టేజి మీదకొచ్చి లూకా రెండో అధ్యాయం చదువుతాడు, గొల్లల దగ్గరకి దూత వచ్చే భాగం. పాస్టరమ్మ గారు చప్పట్లు కొడతారు.

---

పాతపుస్తకాల పురుగు
డిసెంబర్ 6, ఉదయం 10:30

గ్రేస్ గారూ, పశువుల తొట్టె ఈ కథలో కనపడదు. చార్లీ బ్రౌన్ మంచి సలహానే. కానీ మీ పెద్ద పిల్లలు లూకా రెండో అధ్యాయం నిద్రలో లేపినా చెప్తారు కదా, ఇంకోసారి వాళ్లకెందుకు?

పుస్తకంలో ఒక చోట ఉంది. స్క్రూజ్ దగ్గర పనిచేసే బాబ్ క్రాచిట్, కుంటివాడైన కొడుకు టిమ్‌ని భుజాల మీద మోసుకుని చర్చి నుంచి ఇంటికొస్తాడు. దారిలో పిల్లాడు ఏమన్నాడో భార్యకి చెప్తాడు. చర్చిలో జనం తనని చూసి ఉంటే బాగుండును, కుంటివాళ్లని నడిపించింది ఎవరో క్రిస్మస్ నాడు వాళ్లకి గుర్తొస్తుంది అన్నాడట. పాస్టరమ్మ గారికి ముందు ఆ పేజీ వినిపించండి. మార్లీ సంగతికొస్తే, లూకా సువార్తలోనే ధనవంతుడు, లాజరు కథ ఉంది. చచ్చాక ఆ ధనవంతుడు నా అన్నదమ్ములకి హెచ్చరిక పంపమని బతిమాలుకుంటాడు, అక్కడ దొరకదు. ఇక్కడ మార్లీకి ఆ అవకాశం దొరికింది. నా లెక్కలో ఇది మీ సండే స్కూల్ సిలబస్‌లోదే.

---

గుంటూరు గ్రేస్
డిసెంబర్ 6, ఉదయం 11:04

లాజరు పాయింట్ నాకు తట్టలేదు మాష్టారూ! ఇక పాస్టరమ్మ గారి సంగతి నేను చూసుకుంటా.

---

ఫ్రేముల పిచ్చి
డిసెంబర్ 6, మధ్యాహ్నం 12:20

అక్కా, చిన్నపిల్లల్ని మాత్రం కేకు దగ్గరకి పంపేయండి. మూడో ఆత్మ వచ్చాక చచ్చినవాడి ఇంట్లో దుప్పట్లు, కర్టెన్లు దొంగిలించి పాతసామాన్ల కొట్లో అమ్ముకునే సీన్ ఉంది. ఆ మొహాలు పెద్దవాళ్లకే గుర్తుండిపోతాయి. ఇంకో మాట, హాల్లో లైట్లన్నీ ఆర్పేయాలి. సీరియల్ సెట్ వేసినట్టు స్టేజి మీద రంగు బల్బులు వెలుగుతుంటే, తెరమీద స్క్రూజ్ గది గోడ తప్ప ఏమీ కనపడదు.

ఇంగ్లిష్ కూడా పాత ఇంగ్లిష్, డికెన్స్ మాటలే దాదాపు. ముందు మీరు ఐదు నిమిషాలు తెలుగులో కథ చెప్పేయండి. సస్పెన్స్ పోతుందని భయపడకండి, ఇందులో సస్పెన్స్ లేదు.

---

డల్లాస్ సీను
డిసెంబర్ 8, ఉదయం 6:40

రిపోర్ట్. పెద్దోడితో చూశా. మార్లీ గొలుసులతో మెట్లెక్కుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు, కానీ ఆపమనలేదు. అయిపోయాక అడిగిన మొదటి ప్రశ్న: "ఆ లైట్‌హౌస్‌లో వాళ్లు ఇంటికి ఎప్పుడెళ్తారు?" స్క్రూజ్ గురించి ఒక్క ముక్క అడగలేదు. మాష్టారూ, మీ గనికూలీల థియరీకి ఒక సాక్షి.

చిన్నది తలుపు సందులోంచి చూసేసింది. రాత్రి మా మంచం మీదే పడుకుంది. దీనికి బాధ్యత ఫ్రేముల పిచ్చి గారిదే అని మా ఆవిడ తీర్పు.

---

రాత్రిబండి
డిసెంబర్ 8, ఉదయం 7:15

ఇంకోసారి చూశా. బీడు మీద ఎగిరే చోట కెమెరా దిగే తీరు బాగుంది, నిజమే. ఫెజ్జివిగ్ డాన్స్ ఇంకా తక్కువే. వీళ్లకి ఇంకో పాతిక నిమిషాలు ఇచ్చి ఉంటే మ్యాగూ పేరు నేను ఎత్తేవాణ్ని కాదు. గంట స్లాట్ మ్యాగూకి ఇచ్చి, దీనికి అరగంట ఇచ్చిన టీవీ వాళ్లని అనాలి.

---

కార్టూన్ కామేశం
డిసెంబర్ 8, ఉదయం 8:02

వేర్వేరు చానళ్లు తమ్ముడూ. మ్యాగూ ఎన్‌బీసీ, ఇది ఏబీసీ. అయినా గంట ఇచ్చి ఉంటే విలియమ్స్ ఆ గంటని పాతికేళ్లు గీసేవాడు. 'ది థీఫ్ అండ్ ది కాబ్లర్' చరిత్ర చూడు. అరవైల్లో మొదలుపెట్టి తొంభైల దాకా గీశాడు, పూర్తికాకుండానే చేతిలోంచి లాగేసుకున్నారు. పాతిక నిమిషాలు కాబట్టి ఇది బయటికొచ్చింది.

---

గుంటూరు గ్రేస్
డిసెంబర్ 14, రాత్రి 9:25

అయిపోయింది. ఏడో తరగతి దాటినవాళ్లని మాత్రమే కూర్చోబెట్టాం. మొదట్లో గోల చేశారు, తలుపు కొట్టే కడియం మార్లీ మొహంగా మారినప్పుడు ఆగిపోయింది. పాస్టరమ్మ గారు వెనక వరసలో కూర్చుని చూశారు. అంగీ కింద పిల్లలిద్దరూ కనపడ్డప్పుడు "అయ్యో" అన్నారు, బయటికొచ్చాక దెయ్యాల గురించి ఏమీ అనలేదు. ఈ క్రిస్మస్‌కి బట్టల పంపిణీ లిస్టులో మిర్చి యార్డు కూలీల పిల్లల్ని కలిపారా అని కమిటీ వాళ్లని అడిగారు. కలపలేదు. ఇప్పుడు కలుపుతున్నారు.

ప్రొజెక్టర్ మధ్యలో ఒకసారి ఆగింది, సరిగ్గా స్క్రూజ్ తన సమాధి రాయి చూసే దగ్గర. పిల్లలు అదీ సినిమాలో భాగమే అనుకున్నారు.

---

ఫ్రేముల పిచ్చి
డిసెంబర్ 14, రాత్రి 9:58

సమాధి దగ్గర బఫరింగా! విలియమ్స్ బతికుంటే ఆ ఐడియా వాడుకునేవాడు.

రాత్రిబండి బ్రో, మ్యాగూకి విడిగా ఒక థ్రెడ్ తెరిచా. ఫ్రెడ్‌ని ఎందుకు ఎగరగొట్టారో అక్కడికొచ్చి చెప్పాలి. మాష్టారు ఆల్రెడీ వచ్చి కూర్చున్నారు.